నది మధ్యలో పెట్టె వేట

దాగుడుమూతలు ఆడని పిల్లలు ఉండరు. దాగిన మనిషిని పట్టుకోవడానికి కళ్లు, కాళ్లు ఉంటే చాలు. కాని నది మధ్య ఉన్న ఒక లంకలో అరచేతంత డబ్బాను దాచి, మీ చేతికి రెండు సంఖ్యలు మాత్రం ఇచ్చి కనుక్కోమంటే ఏం చేస్తారు? ఆ రెండు సంఖ్యలూ అక్షాంశం, రేఖాంశం అయితే దిగులు పడనక్కరలేదు. డబ్బా తప్పక దొరుకుతుంది. ఈ ఆట పేరు జియోక్యాషింగ్. ‘జియో’ అంటే భూమి. ‘క్యాష్’ అంటే ఇక్కడ డబ్బు కాదు; ఫ్రెంచి భాష నుంచి వచ్చిన ఆ మాటకు దాచిన చోటు అని అర్థం.

ఆట ఎలా పుట్టింది?

అమెరికా నడిపే జి.పి.ఎస్. ఉపగ్రహాల సంకేతాలను ఒకప్పుడు సైన్యం కావాలనే కొంత చెడగొట్టి సామాన్యులకు అందించేది. అందువల్ల మామూలు పరికరం చూపే చోటుకూ, అసలు చోటుకూ వంద మీటర్ల వరకు తేడా ఉండేది. 2000 మే 2న ఆ కల్తీని ఆపివేశారు. మరునాడే ఆరెగాన్ రాష్ట్రంలో డేవ్ అల్మర్ అనే ఆయన ఒక బకెట్టులో చిన్న పుస్తకం, పెన్సిలు, కొన్ని వస్తువులు పెట్టి అడవి అంచున దాచి, దాని అక్షాంశ రేఖాంశాలను అందరికీ తెలియజేశాడు. కొద్ది రోజుల్లోనే దాన్ని కనుక్కున్నారు. ఆట మొదలైంది. డబ్బాను కనుక్కున్నవారు అందులోని పుస్తకంలో పేరు, తేదీ రాసి, దాన్ని మళ్లీ అక్కడే ఉంచాలి. ఒక వస్తువు తీసుకుంటే మరొకటి పెట్టాలి. నియమాలు ఇంతే.

నాలుగు ఉపగ్రహాలు ఎందుకు?

జి.పి.ఎస్. ఉపగ్రహాలు మనకు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. సంకేతం సెకనుకు 3 లక్షల కిలోమీటర్ల వేగంతో వస్తుంది. నడినెత్తిన ఉన్న ఉపగ్రహం నుంచి మనల్ని చేరడానికి దానికి సెకనులో సుమారు 15వ వంతు కాలం పడుతుంది. బయలుదేరిన సమయం, చేరిన సమయం తెలిస్తే దూరం తెలిసినట్లే. అయితే గడియారం సెకనులో పది లక్షలవ వంతు తప్పినా దూరంలో 300 మీటర్లు తప్పు వస్తుంది. మీ సెల్‌ఫోనులోని గడియారం అంత ఖచ్చితమైనది కాదు. కాబట్టి అక్షాంశం, రేఖాంశం, ఎత్తు అనే మూడింటితో పాటు గడియారపు తప్పు కూడా తెలియని రాశే. తెలియని రాశులు నాలుగైతే సమీకరణాలు నాలుగు కావాలని మీరు బీజగణితంలో చదువుకున్నారు కదూ! అందుకే కనీసం నాలుగు ఉపగ్రహాలు కనిపించాలి.

ఆకాశం ధారాళంగా కనిపించే చోట మంచి సెల్‌ఫోను 5 మీటర్ల వరకు సరిగా చూపుతుంది. దట్టమైన చెట్ల కింద, గోడల పక్కన తేడా పెరుగుతుంది.

లంక ఎలా ఏర్పడింది?

ఒక నిజమైన చోటును తీసుకుందాం. విజయవాడ వద్ద ప్రకాశం బ్యారేజీకి ఎగువన, కృష్ణానదిలో భవానీ ద్వీపం ఉంది. విస్తీర్ణం సుమారు 130 ఎకరాలు. ఇలాంటి భూములను మన వైపు లంకలంటారు. నీటి వేగం తగ్గిన చోట నది తన వెంట తెచ్చిన ఇసుకను, ఒండ్రును వదిలేస్తుంది. వేగం సగమైతే నీరు దొర్లించగల రాయి బరువు సగం కాదు, 64వ వంతుకు పడిపోతుంది! అలా పేరుకున్న మేట మీద గడ్డి, చెట్లు పెరిగితే వేళ్లు మట్టిని పట్టి ఉంచుతాయి.

130 ఎకరాలంటే సుమారు 5,26,000 చదరపు మీటర్లు. 5 మీటర్ల వ్యాసార్థం గల వృత్తం వైశాల్యం దాదాపు 79 చదరపు మీటర్లు. అంటే మీరు వెతకవలసిన నేల ఆరువేల వంతులకు పైగా తగ్గిపోయింది. అదే పాత వంద మీటర్ల తేడా ఉంటే దాదాపు 8 ఎకరాలు గాలించవలసి వచ్చేది.

సంఖ్యలు చదవడంలో జాగ్రత్త

ఈ ఆటలో స్థానాన్ని డిగ్రీలు, నిమిషాలలో రాస్తారు. ఒక ద్వీపంలోని చోటు అక్షాంశం 16 డిగ్రీల 31.500 నిమిషాలు అనుకోండి. డిగ్రీకి 60 నిమిషాలు కాబట్టి ఇది 16.525 డిగ్రీలు. హడావుడిలో ఎవరైనా దీన్నే 16.315 డిగ్రీలని ఫోనులో కొడితే? తేడా 0.21 డిగ్రీ, అంటే 23 కిలోమీటర్లు! మీరు ద్వీపంలో, మీ డబ్బా మరో ఊళ్లో!

అక్షాంశంలో ఒక నిమిషం సుమారు 1,850 మీటర్లు. రేఖాంశంలో నిమిషం భూమధ్యరేఖ నుంచి దూరం పోయేకొద్దీ చిన్నదవుతుంది. విజయవాడ వద్ద అది సుమారు 1,780 మీటర్లు. ఇక లెక్క సులభం. మీకూ డబ్బాకూ మధ్య ఉత్తరంగా 0.120 నిమిషం, తూర్పుగా 0.150 నిమిషం తేడా ఉందనుకుందాం. ఉత్తరానికి 222 మీటర్లు, తూర్పుకు 267 మీటర్లు. పైథాగరస్ సూత్రం ప్రకారం తిన్నగా దూరం 347 మీటర్లు. ఇది తెలిసిన జట్టు ఫోను బ్యాటరీ అయిపోయినా దిక్సూచితోనూ, అడుగుల లెక్కతోనూ దగ్గరకు చేరగలదు. అందుకే మీ పది అడుగులు ఎన్ని మీటర్లో ముందురోజే కొలిచి పెట్టుకోండి.

నదిని ముందు చదవాలి

మైదానంలో ఆటకూ ద్వీపంలో ఆటకూ పెద్ద తేడా ఒకటి ఉంది. ఇక్కడ వెళ్లే దారీ, వచ్చే దారీ నీళ్లే. జూలై నుంచి అక్టోబరు వరకు కృష్ణకు వరదలు వచ్చే కాలం. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో ప్రకాశం బ్యారేజీ వద్ద ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. అంటే సెకనుకు 31 వేల ఘనమీటర్లకు పైగా నీరు! అప్పుడు భవానీ ద్వీపం ముంపుకు గురైంది. విజయవాడలో వాన పడకపోయినా, ఎగువన వదిలిన నీరు ఇక్కడికి చేరుతుందని మరువకండి. వరదలు తగ్గి ఎండ ముదరని డిసెంబరు, జనవరి నెలలు ఇలాంటి యాత్రకు మేలు. ద్వీపం చూసే అధికారుల అనుమతి కూడా ముందే తీసుకోవాలి.

2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం సమీపంలో, పవిత్ర సంగమం వద్ద కృష్ణలో పడవ బోల్తాపడి 20 మందికి పైగా మరణించారు. ప్రయాణికులకు లైఫ్ జాకెట్లు లేవు. ఈ విషయం మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. పడవ ఎందుకు ఒరుగుతుందో తెలిస్తే చాలా ప్రమాదాలు తప్పించవచ్చు. కూర్చున్నవారు లేచి నిలబడితే పడవ గరిమనాభి పైకి జరుగుతుంది. అందరూ ఫోటో కోసం ఒకే పక్కకు పోతే అది పక్కకు కూడా జరుగుతుంది. పరిమితికి మించి ఎక్కితే అంచు నీటికి దగ్గరవుతుంది. ఈ మూడూ కలిస్తే చిన్న అల చాలు.

మన శరీర సాంద్రత ఇంచుమించు నీటి సాంద్రతే. కనుక తలను నీటిపై నిలపడానికి కొద్ది కిలోల తేలే బలం అదనంగా ఉంటే సరిపోతుంది. లైఫ్ జాకెట్టు ఇచ్చేది ఆ బలమే. ఈత వచ్చినవారూ ఒడ్డున ఉండగానే తొడుక్కుని పట్టీలు బిగించాలి. జాకెట్లు చాలకపోతే ఆ పడవ ఎక్కకూడదు.

వెనుక నుంచి లెక్క

ముప్పై మంది విద్యార్థులు, ముగ్గురు ఉపాధ్యాయులు బయలుదేరారనుకుందాం. పడవలో ఇరవై మందికే చోటుంటే రెండు విడతలు వెళ్లాలి, రెండు విడతలు రావాలి. ప్రతి విడతలోనూ, రెండు ఒడ్డుల వద్దా ఉపాధ్యాయుడు ఉండేలా చూడాలి. డిసెంబరులో సాయంత్రం ఐదున్నర దాటగానే పొద్దు గుంకుతుంది. కాబట్టి నాలుగు గంటలకే చివరి విడత ఇవతలి ఒడ్డుకు చేరాలని ముందు రాసుకోండి. అక్కడి నుంచి వెనక్కి లెక్కపెడుతూ పడవ సమయం, తలల లెక్క, భోజనం, ఆట సమయం వేసుకుంటే ఉదయం ఎప్పుడు బయలుదేరాలో తేలుతుంది.

ఐదుగురేసి ఆరు జట్లు కట్టండి. ఆరు డబ్బాలు దాచండి. అన్ని జట్లూ ఒకే డబ్బాతో మొదలుపెడితే ఒకరి వెనుక ఒకరు నడవడమే అవుతుంది. మొదటి జట్టు ఒకటో డబ్బాతో, రెండో జట్టు రెండో డబ్బాతో, ఇలా మొదలుపెట్టి వరుసగా చుట్టిరావాలి. డబ్బాకు ఇరవై నిమిషాల చొప్పున రెండు గంటల్లో ఆట పూర్తవుతుంది. జట్టులో ఒకరు ఫోను చూడాలి, ఒకరు దిక్సూచి పట్టాలి, ఒకరు లెక్క రాయాలి, ఒకరు గడియారం చూడాలి, ఒకరు జట్టును ఎప్పటికప్పుడు లెక్కపెట్టాలి. మూడుసార్లు ఈల వినిపిస్తే డబ్బా అడుగు దూరంలో ఉన్నా వదిలి రేవుకు రావాలి.

డబ్బా దాచేవారికి

నేల తవ్వవద్దు. చెట్టుకు మేకు కొట్టవద్దు. నీటి అంచున, పుట్టల దగ్గర దాచవద్దు. తినేవి పెడితే చీమలు, కోతులు మీకంటే ముందే కనుక్కుంటాయి! డబ్బా మూత పారదర్శకంగా ఉండాలి. ‘ఇది విద్యార్థుల ఆట’ అని, పాఠశాల పేరుతో సహా పెద్ద అక్షరాలతో రాయాలి. లేకపోతే చూసినవారు అనుమానించి పోలీసులను పిలవవచ్చు. దాచిన చోట పదిసార్లు స్థానం చూసి సగటు తీసుకుంటే తప్పు తగ్గుతుంది.

ఈ ఆటలో సాధారణంగా డబ్బా అక్కడే ఉండిపోతుంది. లంకలో మాత్రం ఆ పద్ధతి వద్దు. మరుసటి వరద దాన్ని నదిలో చెత్తగా మారుస్తుంది. ఆరు డబ్బాలు తీసుకెళ్తే ఆరూ తిరిగి రావాలి. మనుషుల లెక్కలాగే డబ్బాల లెక్కా సరిపోవాలి.

ఇక మీకు ఒక లెక్క. నది వెడల్పు 600 మీటర్లు. ప్రవాహ వేగం సెకనుకు అర మీటరు. పడవ ముక్కును తిన్నగా ఎదుటి ఒడ్డుకు పెట్టి సెకనుకు 2 మీటర్ల వేగంతో నడిపితే, ఎదుటి రేవుకు ఎంత దిగువన చేరుతుంది? రేవుకే చేరాలంటే పడవ ముక్కును ఎటు తిప్పాలి? బొమ్మ గీసి చేసి చూడండి. మొదటి ప్రశ్నకు 150 మీటర్లని వచ్చిందా? అయితే రెండోదానికి జవాబు మీరే చెప్పగలరు.