ఒకే విమానములో వెళ్ళారు, ఒకే భాష రాలేదు

మా సంఘములో ఒక వృద్ధ సహోదరి ఉన్నారు. ఆమె కుమారుడు భార్యాపిల్లలతో అమెరికా వెళ్ళి పది సంవత్సరములయింది. వెళ్ళేనాటికి అతనికి ముప్పై నాలుగేళ్ళు, కూతురికి పన్నెండు, కొడుకుకు నాలుగు. క్రిందటి సెలవులకు వారు ఊరికి వచ్చినప్పుడు నేను పలకరించడానికి వెళ్ళాను. తండ్రికి అక్కడ మంచి ఉద్యోగము, ఇంగ్లీషులోనే పని. అయినా మాటలో మన ఊరి యాస వినబడుతూనే ఉంది. కొడుకు నోరు విప్పితే అక్కడే పుట్టాడేమో అనుకొంటాము. కాని "గట్టు మీద జారతావు నాయనా, చెప్పులు విడిచి రా" అని నాయనమ్మ అంటే వాడు అక్క ముఖము చూస్తాడు. ఆ పిల్లే ఇద్దరికీ మధ్య దుబాసి.

"అయ్యగారూ, అందరూ ఒక్క విమానములోనే వెళ్ళారు గదా! వీళ్ళ నాన్నకు ఆ భాష పూర్తిగా రాకపోవడమేమిటి? వీడు మన భాష మరచిపోవడమేమిటి?" అని ఆమె నన్నడిగింది. ఆ రోజు నేను సరిగా జవాబు చెప్పలేకపోయాను. తరువాత చదివి తెలిసికొన్నది ఇక్కడ వ్రాస్తున్నాను.

భాష దానంతటదే అబ్బే కాలము ఒకటుందని, అది యౌవనము వచ్చేసరికి ముగుస్తుందని ఎరిక్ లెనెబర్గ్ అనే పండితుడు 1967లో వ్రాశాడు. దానిని వలస వెళ్ళినవారిలో పరీక్షించినవారు జాక్వెలిన్ జాన్సన్, ఎలిస్సా న్యూపోర్ట్. 1989లో వారి ఫలితాలు వెలువడ్డాయి. కొరియా, చైనా భాషలు మాతృభాషగా ఉండి, మూడేళ్ళ నుండి ముప్పై తొమ్మిదేళ్ళ మధ్య వయసులో అమెరికా చేరిన 46 మందికి ఇంగ్లీషు వాక్యాలు వినిపించి, ఏది తప్పో ఏది ఒప్పో చెప్పమన్నారు. ఏడేళ్ళలోపు వచ్చినవారు అక్కడ పుట్టినవారితో సమానముగా చెప్పారు. ఆ తరువాత వయసు పెరిగేకొద్దీ తప్పులు పెరిగాయి. పెద్దవయసులో వచ్చినవారిలో మాత్రము ఒకరికొకరికి పొంతన లేదు. కొందరు బాగా చెప్పారు, కొందరు చాలా వెనుకబడ్డారు. వారిని ఎక్కువగా తికమకపెట్టినవి "ఎ", "ద" అనే చిన్న మాటలు, బహువచనాలు. మన తెలుగులోనూ ఆ "ఎ", "ద" లాంటివి లేవు గనుక మనవారి అవస్థ ఊహించవచ్చు.

అయితే ఒక వయసు దాటగానే తలుపు మూసుకొంటుందని అనుకోవద్దు. అమెరికా 1990 జనాభా లెక్కలలో ఇరవై మూడు లక్షల మంది వలసదారుల వివరాలు తీసికొని కెంజి హకుటా మొదలైనవారు 2003లో పరిశీలిస్తే, మెల్లగా దిగే వాలే కనబడింది గాని గోడ కనబడలేదు. ఎంత చదువుకొన్నారు అన్నదీ వయసుతో పాటు లెక్కకు వచ్చింది. 2018లో సుమారు 6 లక్షల 70 వేల మంది మీద జరిగిన మరొక పరిశోధన, వ్యాకరణము పట్టుకొనే శక్తి దాదాపు పదిహేడేళ్ళ వరకు తగ్గదని చెప్పింది. కాని అక్కడివారితో సమానము కావాలంటే పది పన్నెండేళ్ళలోపే మొదలుపెట్టాలట.

యాస సంగతి వేరు. పోలెండ్‌వాడైన జోసెఫ్ కాన్రాడ్ ఇరవై దాటిన తరువాత ఇంగ్లీషు నేర్చుకొని గొప్ప నవలలు వ్రాశాడు. మాటలో మాత్రము పోలెండ్ యాస కడవరకు పోలేదు. మన సి. పి. బ్రౌన్ దొర కూడా ఇరవై ఏళ్ళ ప్రాయములో తెలుగు పట్టుకొని నిఘంటువు కూర్చినవాడే. మాటలు, చదువు ఏ వయసులోనైనా పెరుగుతాయి. కనుక యాస చూసి తండ్రిని నవ్వే పిల్లలను నేనైతే మందలిస్తాను. ఆ తండ్రి ఆ యాసతోనే ఇల్లు నడుపుతున్నాడు.

ఇక ఆమె రెండవ ప్రశ్న. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. మూడు నుండి ఎనిమిదేళ్ళ వయసులో కొరియా నుండి ఫ్రాన్సుకు దత్తు వెళ్ళి, పెద్దవారైన ఎనిమిది మందిని పరిశోధకులు పరీక్షించి 2003లో ప్రకటించారు. కొరియా భాష వినిపిస్తే ఇతర పరాయి భాషల నుండి దానిని గుర్తుపట్టలేకపోయారు. తల్లి ఒడిలో విన్న భాష, ఎనిమిదేళ్ళ వరకు మాట్లాడిన భాష! పసివాడు కొత్త భాషను ఎంత తేలికగా పట్టుకొంటాడో, వినబడని భాషను అంత తేలికగా వదిలేస్తాడు. పన్నెండేళ్ళ అక్క ఆరవ తరగతి వరకు తెలుగులో చదివి వెళ్ళింది కనుక ఆమెకు నిలిచింది.

మనవడికి ఇంట్లో తెలుగు వినబడుతూ ఉండవలసింది. బడిలో వెనుకబడతాడేమోనని తలిదండ్రులే ఇంగ్లీషుకు మారారట. ఆ భయము అక్కరలేనిది. నాలుగేళ్ళవాడికి ఇంగ్లీషు బడిలోనే వచ్చేస్తుంది.

ఇదంతా ఆ సహోదరికి చెప్పాను. "ఇప్పుడు వాడికి పద్నాలుగు. ఇంకా వస్తుందా అయ్యగారూ?" అన్నారు. వస్తుంది, కాని ఈసారి కష్టపడి నేర్చుకోవాలి అన్నాను. ఇప్పుడు మన ఆదివారము ఉదయము, అంటే వారికి శనివారము రాత్రి, ఆమె ఫోను చేసి మనవడితో తెలుగే మాట్లాడుతున్నారు. అక్కను మధ్యలోకి రానివ్వడం లేదు.