మెదడుకు రక్తప్రసరణ: స్వయం నియంత్రణ రేఖ – ఒక పునర్విచారణ

వ్యాస సంగ్రహం:
మానవ మస్తిష్కం తనకు కావలసిన ఆక్సిజన్‌ను, గ్లూకోజును చెప్పుకోదగినంతగా నిల్వ చేసుకోలేదు. అందుచేత దానికి రక్తం ఎడతెగక అందుతూ ఉండాలి. ఈ సరఫరాను సరిచేసే ప్రధాన యంత్రాంగాలను వివరించి, 1959 నాటి స్వయం నియంత్రణ రేఖను తరువాతి పరిశోధన ఎలా సవరించిందో, ఆ సవరణ చికిత్సకు ఎందుకు ముఖ్యమో చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: మస్తిష్క రక్తప్రసరణ, స్వయం నియంత్రణ, సూక్ష్మధమనులు, కార్బన్ డయాక్సైడ్, రక్తపోటు, పక్షవాతం.

1. ఉపోద్ఘాతం

వయోజనుల మెదడు బరువు సుమారు 1,400 గ్రాములు. శరీర బరువులో ఇది 2 శాతం మాత్రమే. అయినా విశ్రాంత స్థితిలో గుండె పంపే రక్తంలో దాదాపు 15 శాతం, శరీరం వినియోగించే ఆక్సిజన్‌లో దాదాపు 20 శాతం దీనికే చెందుతాయి. 100 గ్రాముల కణజాలానికి నిమిషానికి సగటున 50 మిల్లీలీటర్ల రక్తం అందుతుంది. ఇది సుమారు 20కి పడిపోతే నాడీకణాల విద్యుత్ చర్య దెబ్బతింటుంది. 10కి దిగితే కణాలు త్వరలోనే నశించసాగుతాయి. ప్రసరణ పూర్తిగా ఆగిపోతే దాదాపు పది సెకన్లలో స్పృహ తప్పుతుంది.

రక్తం ఎక్కువైనా ప్రమాదమే. గట్టి కపాలంలో మెదడు, రక్తం, మస్తిష్కమేరుద్రవం కలిసి ఒక స్థిర పరిమాణంలో ఇమిడి ఉంటాయని, వాటిలో ఒకటి పెరిగితే మరొకటి తగ్గక తప్పదని చెప్పే సూత్రానికి అలెగ్జాండర్ మన్రో (1783), జార్జ్ కెల్లీ (1824) పునాది వేశారు. కనుక మెదడుకు రక్తం సమృద్ధిగా అందితే చాలదు, తగుమాత్రంగా అందాలి.

2. పీడనానికి ప్రతిస్పందన

మెదడులోకి రక్తాన్ని నెట్టే పీడనం, సగటు ధమనీ పీడనం నుండి కపాలాంతర పీడనాన్ని తీసివేయగా మిగిలినది. ప్రవాహం ఆ పీడనంపైనా, నాళాల నిరోధంపైనా ఆధారపడుతుంది. నిరోధాన్ని ప్రధానంగా నిర్ణయించేది నాళ వ్యాసార్ధం. ప్రవాహం వ్యాసార్ధపు నాలుగవ ఘాతానికి అనుపాతంలో ఉంటుంది. వ్యాసార్ధం 10 శాతం తగ్గితేనే ప్రవాహం మూడో వంతు మేర పడిపోతుంది. స్వల్పమైన సంకోచంతో పెద్ద మార్పు సాధ్యమయ్యేది ఇందువల్లనే.

పీడనం పెరిగి గోడ సాగినప్పుడు నాళంలోని నునుపు కండరం తనంతట తానే ముడుచుకుంటుందని, పీడనం తగ్గినప్పుడు సడలుతుందని విలియం బేలిస్ 1902లో వివరించాడు. కాలువలో నీటిమట్టం పెరిగినప్పుడు తూము తలుపును దించి, తగ్గినప్పుడు ఎత్తినట్లే ఇది పనిచేస్తుంది. అయితే ఇక్కడ తలుపే మట్టాన్ని గ్రహిస్తుంది.

3. రక్తంలోని వాయువులు

సేమర్ కెటీ, కార్ల్ ష్మిట్ 1940లలో నైట్రస్ ఆక్సైడ్ వాయువు ఆధారంగా మానవ మస్తిష్క ప్రవాహాన్ని కొలిచే పద్ధతిని రూపొందించారు. కార్బన్ డయాక్సైడ్ ఎంత శక్తిమంతమైన నాళ విస్ఫారకమో దీనితో మనుషుల్లో కొలవగలిగారు. ధమనీ రక్తంలో దాని పీడనం 1 మి.మీ. పాదరసం మేర మారితే ప్రవాహం సుమారు 3–4 శాతం మారుతుంది. ఈ వాయువు నాళపు గోడలోకి వ్యాపించి అక్కడి ఆమ్లతను పెంచగా కండరం సడలుతుంది. వేగంగా, లోతుగా ఊపిరి తీస్తే తల తిరగడానికి కారణం దీనికి విపర్యయం: కార్బన్ డయాక్సైడ్ తగ్గి నాళాలు ముడుచుకుంటాయి. ఆక్సిజన్ ప్రభావం ఇంత సున్నితమైనది కాదు. దాని పీడనం సుమారు 50 మి.మీ.కు దిగువకు పడిపోయాకే ప్రవాహం గణనీయంగా పెరుగుతుంది.

4. పనికి తగిన సరఫరా

మెదడులో పని పెరిగిన భాగానికి రక్తం అధికంగా చేరుతుందని రాయ్, షెరింగ్టన్ 1890లోనే ప్రతిపాదించారు. జీవక్రియా వ్యర్థాలే నాళాలను విప్పుతాయని వారి అభిప్రాయం. నాడీకణాలు వెలువరించే గ్లూటమేట్ ప్రభావంతో నైట్రిక్ ఆక్సైడ్, ప్రోస్టాగ్లాండిన్లు ఉత్పత్తి అవుతాయని, అందులో ఆస్ట్రోసైట్లకూ పాత్ర ఉందని నేడు తెలుసు. అంటే లోటు ఏర్పడేదాకా ఆగకుండానే సరఫరా పెరుగుతుంది. పెరిగిన ప్రవాహం పెరిగిన ఆక్సిజన్ వినియోగాన్ని మించి ఉంటుందని ఫాక్స్, రైకిల్ 1986లో చూపారు. సెయ్‌జీ ఒగావా 1990లో వెల్లడించిన ఎంఆర్ఐ సంకేతం పనిచేసే మెదడును చిత్రించగలగడానికి ఆధారం ఈ మిగులే.

5. లాసెన్ రేఖ – సవరణ

సగటు ధమనీ పీడనం సుమారు 60 నుండి 150 మి.మీ. వరకు మారినా ప్రవాహం స్థిరంగా ఉంటుందని చూపే రేఖ పాఠ్యగ్రంథాల్లో సుపరిచితం. దీనికి మూలం నీల్స్ లాసెన్ 1959 నాటి సమీక్ష. అయితే అందులోని బిందువులు ఒకే వ్యక్తిలో పీడనాన్ని మార్చి కొలిచినవి కావు. వేర్వేరు పరిశోధనల్లోని వేర్వేరు సమూహాల సగటులు. ఒకే వ్యక్తిలో జరిపిన తరువాతి కొలతల్లో సమతల భాగం ఇంత విశాలంగా కనిపించలేదు. అది కొంత ఏటవాలుగానూ ఉంది. పీడనం పెరుగుదలను అడ్డుకున్నంత సమర్థంగా మెదడు తగ్గుదలను అడ్డుకోలేదని కూడా తేలింది.

దీర్ఘకాల అధిక రక్తపోటు ఉన్నవారిలో ఈ రేఖ కుడివైపుకు జరుగుతుందని స్ట్రాండ్‌గార్డ్ బృందం 1973లో నిరూపించింది. అంటే ఇతరులకు సురక్షితమైన పీడనం వారికి చాలకపోవచ్చు. నాళం మూసుకుపోయిన పక్షవాతంలో దెబ్బతిన్న ప్రాంతపు నాళాలు అప్పటికే పూర్తిగా విచ్చుకొని ఉంటాయి. అక్కడి ప్రవాహం పీడనాన్నే అనుసరిస్తుంది. అందుకే గడ్డను కరిగించే చికిత్స వంటివి చేయని రోగుల్లో, వేరే అత్యవసర కారణం లేకుంటే, రక్తపోటు 220/120 దాటేవరకు తొలి దినాల్లో దానిని దించే ప్రయత్నం సాధారణంగా చేయరు.

6. ముగింపు

మస్తిష్క ప్రసరణను కాపాడేది ఏ ఒక్క యంత్రాంగమో కాదు. పీడనం, వాయువులు, నాడీ క్రియ అనే మూడు సంకేతాలకూ చివరికి జవాబు చెప్పేది అదే నునుపు కండరం. అందుచేత ఒక సంకేతం తీవ్రమైనప్పుడు మిగిలిన వాటికి స్పందించే శక్తి తగ్గుతుంది. లాసెన్ రేఖ ఈ సమతుల్యానికి ఉపయోగకరమైన తొలి పటం. దానిని ప్రతి రోగికీ వర్తించే హామీగా కాక, వ్యక్తిని బట్టి, వ్యాధిని బట్టి జరిగే రేఖగా బోధించడం అవసరం.