నల్లతేలు, నిషిద్ధాక్షరి

ప్రొద్దుటూరు అనగానే బంగారం అంగళ్లు గుర్తొస్తాయి. పద్యం రుచి మరిగినవాళ్లకు మాత్రం ముందు గుర్తొచ్చేది అవధానం. దుర్భాక రాజశేఖర శతావధాని, గడియారం వేంకటశేషశాస్త్రి ఈ ఊళ్లో ఉండి రాజశేఖర వేంకటశేష కవులుగా జంట అవధానాలు చేశారు. తర్వాత వారిలో ఒకరు రాణాప్రతాపసింహ చరిత్ర, మరొకరు శ్రీశివభారతం రాశారు. ఆ తర్వాతి తరంలో సి.వి.సుబ్బన్న శతావధాని, నరాల రామారెడ్డి వచ్చారు. ఇదంతా సరస్వతీ కటాక్షమని చెప్పి ఊరుకోవచ్చు. అయితే మనిషి చేసే పనిని చిన్న చిన్న చేతలుగా విడదీసి, ఏ చేత ఏ సందర్భంలో పుట్టింది, ఏ ఫలితం దాన్ని నిలబెట్టింది అని చూసే శాస్త్రం ఒకటుంది. దాని పేరు ప్రవర్తన విశ్లేషణ. ఆ తీరున చూసినకొద్దీ అవధాని మీద గౌరవం పెరుగుతుందే కానీ తరగదని నా నమ్మకం. కడప గడ్డ మీది ఉదాహరణలతోనే కొన్ని విశేషాలు చెప్పుకుందాం.

* * *

డీఎస్సీకి చదివినవాళ్లకు బి.ఎఫ్.స్కిన్నర్ పేరు కొత్త కాదు. పేటికలో ఎలుక, మీట నొక్కితే మేత, కార్యసాధక నిబంధనం, పరీక్షలో ఒక బిట్టు. ఆ పాఠాల్లో కనిపించని సంగతి ఏమంటే, కాలేజీ చదువు అయిపోగానే ఆయన కావాలనుకున్నది రచయిత. అది సాగక మనస్తత్వశాస్త్రంలోకి వచ్చాడు కానీ సాహిత్యం మీద మనసు పోలేదు. 1939లో షేక్‌స్పియర్ సానెట్లు నూరింటిని ముందేసుకొని, ఒకే ధ్వనితో మొదలయ్యే మాటలు పాదంలో ఎన్నిసార్లు దగ్గర దగ్గరగా పడ్డాయో లెక్క కట్టాడు. యాదృచ్ఛికంగా ఎన్ని పడతాయో దాదాపు అన్నే పడ్డాయని తేల్చాడు.

ఆయనకు మన పద్యం దొరికి ఉంటే ఎంత బాగుండేది! ఉత్పలమాలలో పాదానికి 20 అక్షరాలు. మొదటి అక్షరానికి పదో అక్షరంతో యతి కుదరాలి. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ఒకే హల్లు కావాలి. చంపకమాలకు 21 అక్షరాలు, పదకొండో అక్షరం యతి. ఇక్కడ యాదృచ్ఛికానికి చోటే లేదు.

* * *

1934లో హార్వర్డ్‌లో ఒక విందు. తత్త్వవేత్త ఆల్‌ఫ్రెడ్ నార్త్ వైట్‌హెడ్ పక్కన యువ స్కిన్నర్ కూర్చున్నాడు. మనిషి చేసే ఏ పనినైనా సందర్భం, ఫలితం అనే రెండింటితో వివరించవచ్చని స్కిన్నర్ వాదన. సరే, మాట తప్ప మిగతావన్నీ ఒప్పుకుంటాను, నేనిప్పుడు ఇక్కడ కూర్చొని ఈ బల్ల మీద నల్లతేలేదీ పడటం లేదని అంటే, ఆ మాట నా నోట ఎందుకు వచ్చిందో చెప్పగలవా అని వైట్‌హెడ్ అడిగాడు. మర్నాడే స్కిన్నర్ ఒక పుస్తకానికి చిత్తుప్రతి మొదలుపెట్టాడు. అది అచ్చయ్యేసరికి 1957 వచ్చింది. ఒక్క ప్రశ్నకు 23 ఏళ్ల జవాబు. ఆ పుస్తకమే 'వెర్బల్ బిహేవియర్'.

ఎదుటివాడు ఇచ్చిన అసంబద్ధమైన మాటకు సందర్భం వెతికి నిలబెట్టడం మన సభల్లో పాత ఆటే. దానికి సమస్యాపూరణం అని పేరు.

* * *

ఆ పుస్తకంలో స్కిన్నర్ మాటలను వాటి పనిని బట్టి వేరు చేశాడు. విన్నది విన్నట్టు తిరిగి పలకడం ఒకటి. కంటికి కనిపించిన దానికి పేరు పెట్టడం ఇంకొకటి. కావలసింది అడగడం వేరొకటి. ఒక మాట వింటే దాని వెంట మరో మాట రావడం మరొకటి. పాలకడలి అంటే శేషశయ్య తోచడం ఇలాంటిదే.

అష్టావధాన వేదిక మీద ఇవన్నీ ఒకేచోట కనిపిస్తాయి. ప్రశ్న వేసే పృచ్ఛకుడు ఇచ్చిన సమస్యను అవధాని పైకి ఒకసారి అనుకుంటాడు: విన్నది పలకడం. వర్ణనాంశంలో చెప్పిన దృశ్యాన్ని మనసులో నిలుపుకొని మాటలు కూరుస్తాడు. దత్తపదిలో ఇచ్చిన నాలుగు పదాలూ తమ వెంట వేరే పదాలను లాక్కొస్తాయి. అసలు కష్టం వీటిని విడివిడిగా చేయడం కాదు. ఉత్పలమాల మొదటి పాదం 'రామ' అని ఎత్తుకున్నాడనుకోండి. మిగిలిన మూడు పాదాల్లోనూ రెండో అక్షరం మకారమే కావాలి. ఈ పాదంలో పదో అక్షరం రేఫతో యతి చెల్లేది కావాలి, అచ్చు కూడా కుదరాలి. గురులఘువులు తప్పకూడదు. దత్తపదం ఎక్కడో ఇరకాలి. అర్థం పృచ్ఛకుడడిగిన విషయం దాటిపోకూడదు. ఒక్క మాట మీద అయిదారు అదుపులు. ఒక మాట నోట వచ్చిందంటే దానికి కారణం ఎప్పుడూ ఒక్కటే ఉండదని, పలు కారణాల బలం కలిసి అది పైకి తేలుతుందని స్కిన్నర్ ఒక భాగమంతా రాశాడు. తెలుగువాడికి అందులో వింతేమీ ఉండదు. నిజానికి యతిప్రాసలు అవధానికి అడ్డం కాదు, ఆసరా. ఏ మాటైనా సరే అన్నప్పుడు ఏదీ తోచదు. మకారంతో ఫలానా గణంలో ఇమిడేది కావాలంటే పదిసార్లు సాధన చేసినవాడికి నాలుగు మాటలు ముందుకొస్తాయి.

* * *

ఇక నిషిద్ధాక్షరి. నాకు అన్నిటికన్నా ఇష్టమైన అంశం. అవధాని ఒక అక్షరం పలకగానే తర్వాత ఏ అక్షరం రాకూడదో పృచ్ఛకుడు చెబుతాడు. గమనించారా, మంచి పృచ్ఛకుడు ఏదో ఒక అక్షరాన్ని నిషేధించడు. అవధాని నాలుక చివర ఏ అక్షరం సిద్ధంగా ఉందో ఊహించి దాన్నే కొడతాడు. అంటే ఆయనా ప్రవర్తన విశ్లేషకుడే. అలవాటైన దారి ఏదో కనిపెట్టి దాన్ని మూసేస్తున్నాడు.

అలవాటైన దారి మూసుకుపోతే ఏమవుతుంది? ఇన్నాళ్లూ ఫలితమిచ్చిన చేత ఇక ఫలితమివ్వనప్పుడు, కొంతసేపు రకరకాల కొత్త చేతలు పుట్టుకొస్తాయని ప్రయోగశాలల్లో పదేపదే చూశారు. హవాయిలోని సీ లైఫ్ పార్కులో కారెన్ ప్రయర్ బృందం దీన్ని ఒక మెట్టు పైకి తీసుకెళ్లింది. డాల్ఫిన్లు ఇంతకు ముందు చేయని విన్యాసం ఏదైనా చేస్తేనే చేప. పాతది ఎంత బాగా చేసినా ఏమీ లేదు. మొదట్లో అవి తికమకపడ్డాయి, తర్వాత శిక్షకులు ఎన్నడూ చూడని గెంతులు, ఈతలు వరుసగా చూపించాయి. ఆ ఫలితాలు 1969లో అచ్చయ్యాయి. 1973లో గోట్జ్, బేర్ అనే ఇద్దరు పరిశోధకులు చిన్న పిల్లలతో కొయ్యముక్కలు పేర్పించి, కొత్త ఆకారం కట్టిన ప్రతిసారీ మెచ్చుకున్నారు. కొత్త ఆకారాలు పెరిగాయి. మెచ్చుకోవడం ఆపితే తగ్గాయి. సృజన కూడా సాధనకు లొంగుతుందని చెప్పడానికి మనకు నిషిద్ధాక్షరి ఎప్పటినుంచో ఉంది. వెయ్యి దారులు తెలిసినవాడే మూసిన దారి ముందు ఆగకుండా నడుస్తాడు.

* * *

జ్ఞాపకం సంగతి. సగటు మనిషి ఒకసారి విని తిరిగి చెప్పగలిగే అంకెలు ఏడు, అటూ ఇటూ రెండు. అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఎరిక్సన్, చేజ్ ఒక విద్యార్థితో 230 గంటలకు పైగా సాధన చేయించారు. ఏడుతో మొదలైన అతను దాదాపు 80 అంకెల దాకా వెళ్లాడు. అతనికి పరుగు పందేల అలవాటుంది. వచ్చిన అంకెలను పరుగు సమయాలుగా గుంపులు కట్టుకున్నాడు. 1980లో ఈ పరిశోధన వెలువడింది. అంకెలు తీసేసి అక్షరాలిస్తే అతను మళ్లీ ఆరు దగ్గరే ఆగిపోయాడు. పెరిగింది జ్ఞాపకమనే గిన్నె కాదు, అంకెలతో చేసే ఒక పని.

చదరంగం ఆటగాళ్ల మీద 1973లో చేజ్, సైమన్ చేసిన ప్రయోగమూ ఇదే చెప్పింది. నిజమైన ఆటలోని బల్లను అయిదు క్షణాలు చూపిస్తే మేటి ఆటగాడు చాలా పావుల స్థానాలు చెప్పేశాడు. పావులను అడ్డదిడ్డంగా పరిస్తే అందరిలాగే తడబడ్డాడు. అవధానంలో వ్యస్తాక్షరి కష్టమంతా అందుకే: అర్థం లేని వరుసలో, ఒక్కో అక్షరానికి ఒక్కో అంకె చెప్పి, సభ మధ్యలో ఎప్పుడు పడితే అప్పుడు అందిస్తారు. ఛందస్సు ఆసరా లేదు. పద్యాల ధారణకు మాత్రం ప్రాస, యతి, పృచ్ఛకుడి ముఖం, ఆయన కూర్చున్న చోటు, అన్నీ గుర్తు చేసే ఆనవాళ్లే.

* * *

పద్యం కంఠతా పట్టించడానికి స్కిన్నర్ ఒక పద్ధతి చెప్పాడు. 1958లో బోధనా యంత్రాల గురించి రాసిన వ్యాసంలో ఉంది. పాదాలు మొత్తం చూపించి చదివించాలి. మరోసారి కొన్ని అక్షరాలు చెరిపి చదివించాలి. ఇంకోసారి ఇంకొన్ని. చివరికి పలక ఖాళీ, పద్యం నోట్లో. పోతన పద్యం నేర్పిన పాత పంతుళ్లు ఇదే చేశారు, చెవితో. మొదట పాదమంతా చెప్పి అనిపించేవారు, తర్వాత సగం చెప్పేవారు, ఆ తర్వాత ఎత్తుగడ మాట ఒక్కటే అందించేవారు.

* * *

కడప జిల్లా చక్రాయపేట మండలంలో సురభి అనే పల్లె ఉంది. 1885లో అక్కడ వనారస గోవిందరావు కీచకవధ నాటకం ఆడించారు. అంతకు ముందు ఆ కుటుంబాలది తోలుబొమ్మలాట: చేత్తో బొమ్మ ఆడించాలి, నోటితో సంభాషణ చెప్పాలి, కాలి కింద చెక్కతో చప్పుడు చేయాలి. మూడు పనులు ఒకేసారి. బొమ్మ పోయి మనిషి వేదిక ఎక్కాక సురభి బిడ్డల చదువు చూడండి. చంటిపిల్లగా తల్లి ఒడిలో రంగస్థలం మీదికి రావడం. మాటలొచ్చాక ఒకటి రెండు వాక్యాలుండే చిన్న వేషం. ఆ తర్వాత బాలకృష్ణుడో, ప్రహ్లాదుడో. పెద్ద వేషం వచ్చేనాటికి దాని సంభాషణలన్నీ తెర పక్కన విని విని నోటికొచ్చి ఉంటాయి. చిన్న మెట్టు ఎక్కితే మెప్పు, ఆ మెట్టు అలవాటయ్యాక ఇంకో మెట్టు. ప్రవర్తన విశ్లేషణలో దీన్ని మలచడం అంటారు. సురభి వాళ్లకు అది ఇల్లు గడిచే తీరు.

* * *

ఈ శాస్త్రం మన దగ్గర అతి ఎక్కువ మేలు చేసింది మాట్లాడటం, నడవటం, అన్నం తినటం కూడా కష్టమైన పిల్లలకు. 1984లో సికింద్రాబాద్ బోయినపల్లిలో మానసిక వికలాంగుల జాతీయ సంస్థ వచ్చింది. అక్కడ రీటా పెషావరియా, ఎస్.వెంకటేశన్ 1992లో భారతీయ పిల్లల కోసం ఒక కొలత తయారు చేశారు. అందులో మొదటి భాగంలో 280 పనులు, ఏడు విభాగాలు, విభాగానికి 40. గ్లాసు పట్టుకోవడం దగ్గర్నుంచి డబ్బు లెక్కపెట్టడం దాకా. రెండో భాగంలో ఇబ్బంది కలిగించే 75 చేతలు.

నాకు నచ్చింది మార్కులు వేసే తీరు. పిల్లవాడు చేశాడా లేదా అన్నది కాదు ప్రశ్న. సొంతంగా చేస్తే అన్నిటికన్నా పై స్థాయి, సైగ చేస్తే చేశాడా, నోటితో చెబితే చేశాడా, చేయి పట్టుకుని చేయిస్తే చేశాడా అని దిగువకు స్థాయిలు. అంటే ఎంత ఆసరాతో చేయగలడో చూస్తారు. ఆ ఆసరాను ఒక్కో మెట్టూ తగ్గించుకుంటూ పోవడమే నేర్పడం. చొక్కా తొడుక్కోవడం లాంటి పనిలో చివరి ముక్క ముందు నేర్పడమూ ఉంది: అన్నీ మనమే చేసి, ఆఖరి గుండీ మాత్రం బిడ్డతో పెట్టించాలి. పని పూర్తయిన తృప్తి మొదటి రోజే బిడ్డకు దక్కుతుంది. మర్నాడు చివరి రెండు గుండీలు.

* * *

స్కిన్నర్ లెక్కలో వినేవాడు కూడా మాటకు కారణమే. వింటున్నది ఎవరన్న దాన్ని బట్టి మాట మారుతుంది, వినేవాడు తలూపడాన్ని బట్టి నిలుస్తుంది. ఒక ఊళ్లో పలువురు అవధానులు ఎదగాలంటే ముందు యతిభంగం జరిగితే పట్టుకునే పృచ్ఛకులు, బాగుంటే భేష్ అనే శ్రోతలు ఉండాలి. ప్రొద్దుటూరులో కవి పుట్టపర్తి నారాయణాచార్యులూ ఉండేవారని మరిచిపోకూడదు. అలాంటివాళ్లు ముందు వరసలో కూర్చునే ఊళ్లో పద్యం చెప్పడమే ఒక పాఠశాల.

ఈ వివరణను ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. ముందెన్నడూ వినని వాక్యాన్ని చిన్నపిల్ల కూడా కట్టగలదని, మెప్పులూ అలవాట్లూ దానికి చాలవని 1959లో భాషాశాస్త్రవేత్త నోమ్ చామ్‌స్కీ గట్టిగా విమర్శించాడు. భాషంతటికీ ఆ విమర్శ బలమైనదే. సాధనతో వచ్చే నేర్పు విషయంలో మాత్రం నేను స్కిన్నర్ వైపే.

* * *

చివరిగా వారగణనం. అవధానిని ఎవరో ఒక తేదీ అడుగుతారు, ఆయన వారం చెబుతాడు. ఇది సూత్రం పట్టుకొని చేసే పని. సూత్రం చూసి చేసే చేత వేరు, అనుభవంతో మలచుకున్న చేత వేరని స్కిన్నరే విడదీశాడు. సూత్రం ఇదీ: ఏడాదికి 52 వారాలు పోగా ఒక రోజు మిగులుతుంది, లీపు సంవత్సరానికి రెండు. 1900 జనవరి 1 సోమవారం. కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన 1953 అక్టోబరు 1 తీసుకుందాం. గడిచిన ఏళ్లు 53, వాటిలో లీపు సంవత్సరాలు 13, మొత్తం 66. ఏడుతో భాగిస్తే శేషం 3. సోమవారం మీద మూడు రోజులు, కాబట్టి 1953 జనవరి 1 గురువారం. అక్కడి నుంచి అక్టోబరు 1 దాకా 273 రోజులు, సరిగ్గా 39 వారాలు, శేషం ఏమీ లేదు. అక్టోబరు 1 కూడా గురువారమే. మీ పుట్టినరోజుతో చేసి చూడండి. మొదట్లో కాగితం, పెన్ను కావాలి. నెలల శేషాలు నోటికొచ్చాక ఒక్కో మెట్టూ వదిలేయవచ్చు. 1900 కంటే వెనకటి తేదీ అయితే వెనక్కి లెక్కించాలి. ముందుకు లెక్కించేటప్పుడు 1900 లీపు సంవత్సరం కాదని మాత్రం గుర్తుంచుకోండి.