కారు టాప్ దించుతుంటే ‘టప్’మంది!

జనవరి నెల, ఆదివారం పొద్దున్న. డాలస్ పక్కన ఇర్వింగ్‌లో మా అపార్ట్‌మెంట్ పార్కింగ్. మూడు రోజులు ఎముకలు కొరికిన చలి కాస్త తగ్గి, ఎండ వచ్చింది. ఎండ చూశాక ఇక ఆగలేకపోయా. ముందు రెండు క్లిప్పులూ తీసి, టాప్‌ని ఒక్క తోపు తోశా. ‘టప్’మంది. అప్పడం విరిగినట్టు. తిరిగి చూస్తే వెనక అద్దం ఈ చివర నుంచి ఆ చివరకి చీలిపోయి ఉంది.

అద్దం అంటున్నాను గానీ అది అద్దం కాదు. నాది 1995 మోడల్ మజ్దా మియాటా. రెండే సీట్లు, పైకి లేచే హెడ్‌లైట్లు, చేత్తో మడిచే గుడ్డ టాప్. 1989లో చికాగో ఆటో షోలో తొలిసారి చూపించారు. ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారుగా గిన్నిస్‌లోకి ఎక్కింది కూడా. అయితే 1997 దాకా వచ్చిన మొదటి తరం కార్లకి వెనక కిటికీ పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు, దాని చుట్టూ జిప్. టాప్ దించే ముందు జిప్ తీసి, షీటుని వెనక భాగంలో చదునుగా పరచాలి. ఆ తర్వాతే మడవాలి. చలిలో ప్లాస్టిక్ బిగుసుకుపోతుంది కాబట్టి అసలు ముట్టుకోకపోవడమే మంచిది. ఇవన్నీ నాకు తెలుసు. యూట్యూబ్‌లో పదిసార్లు చూశా. అయినా మర్చిపోయా.

నాన్నకి ఫోన్‌లో చెబితే, ‘‘పైకప్పు లేని కారు ఎందుకురా అంటే విన్నావా?’’ అన్నారు. అంతకుమించి తిట్టలేదు. అదే ఎక్కువ బాధేసింది.

ఆ సాయంత్రం వాన సూచన ఉంది. చీలిక మీద లోపలా బయటా పారదర్శకమైన టేప్ అంటించా. షీటు ముందు తుడిచి, పూర్తిగా ఆరాక అంటిస్తేనే టేప్ నిలబడుతుంది. నేను తొందరపడి తడి మీదే వేశా. అర్ధరాత్రికి ఊడింది. గొడుగు పట్టుకుని మళ్లీ వేశా.

అసలు కథ ఇన్సూరెన్స్‌ది. పాత కారు కదా అని చాలామంది మనవాళ్లు ఇక్కడ లయబిలిటీ ఒక్కటే తీసుకుంటారు. అంటే మనం ఎదుటివాడికి చేసిన నష్టానికి డబ్బొస్తుంది, మన బండికి పైసా రాదు. నేను కాంప్రహెన్సివ్ కూడా తీసుకున్నా, టెక్సాస్ వడగళ్లకి భయపడి. డిడక్టిబుల్ 500 డాలర్లు. అంటే నష్టంలో మొదటి 500 నా జేబులోంచే పోతాయి.

మా రూమ్మేట్ పాలసీ కాగితం చూసి, ‘‘మామా, రాత్రి ఎవడో కత్తితో కోశాడని చెప్పెయ్. పోలీస్ రిపోర్ట్ కూడా ఆన్‌లైన్‌లోనే పెట్టేయొచ్చు. కొత్త టాప్ మొత్తం వచ్చేస్తది’’ అన్నాడు. వాడు చెడ్డవాడేం కాదు. కన్వర్టిబుల్ టాపులు కత్తితో కోసే దొంగలు నిజంగానే ఉన్నారు కాబట్టి ఎవరూ అనుమానించరని వాడి లెక్క. నిజం చెప్పాలంటే, నేనూ పది నిమిషాలు ఆలోచించా. నెలాఖరు. ఖాతాలో 640 డాలర్లున్నాయి. కానీ వీసా మీద ఉన్నవాణ్ణి. తప్పుడు క్లెయిమ్, దానికి తోడు తప్పుడు పోలీస్ రిపోర్ట్, రెండూ నేరాలే. పట్టుబడితే పోయేది కారు టాప్ కాదు, నేనూ నా చదువు అప్పూ కలిసి ఫ్లైటెక్కడం.

ఇన్సూరెన్స్ వాళ్లకి ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు అడిగా. ఆవిడ ఓపిగ్గా చెప్పింది. దొంగతనం, ఎవరో కావాలని పాడుచేయడం, వడగళ్లు, చెట్టుకొమ్మ పడటం లాంటివైతే కాంప్రహెన్సివ్ కిందికి వస్తాయి. నా చేత్తో నేను మడుస్తుంటే పాత ప్లాస్టిక్ చీలడం అరుగుదల కిందే లెక్క, రాదు. ఒకవేళ వచ్చేదైనా, పాత గుడ్డ టాప్‌కి కొత్తది వేస్తే అరుగుదల పేరుతో కొంత కోత పెట్టే వీలుంది.

ఫోన్ పెట్టేశాక లెక్క వేసుకుంటే నవ్వొచ్చింది. మర్నాడు సీట్లు కుట్టే షాపుకి వెళ్లా. మన ఆటోనగర్‌లో సీటు కవర్లు కుట్టేవాళ్లలాంటి పెద్దాయన. గుడ్డని వేళ్లతో నలిపి, కుట్లు లాగి చూసి, ‘‘గుడ్డ బాగుంది, కిటికీ ఒక్కటి మారిస్తే చాలు’’ అన్నాడు. పాత షీటు కోసేసి, ఆ జిప్‌కే కొత్తది కుడితే 260 డాలర్లు. అంటే అబద్ధం చెప్పి గెలిచినా, డిడక్టిబుల్ దాటేదే కాదు! నిజం గాజు అద్దం, వేడి తీగలతో సహా ఉన్న రెండో తరం టాప్ కూడా నా కారుకి సరిపోతుందట, దానికి జిప్ గొడవే లేదు. కానీ బిగింపుతో కలిపి 1,100 అన్నాడు. గుడ్డ చిరిగాక చూద్దాంలే అనుకున్నా. గుడ్డ కూడా పాడై ఉంటే మాత్రం కిటికీ ఒక్కదానికి ఖర్చు పెట్టడం దండగ.

ఆయనే ఇంకో మాట చెప్పాడు: ‘‘కారులో ఏమీ ఉంచకు, డోర్లు లాక్ చెయ్యకు.’’ మొదట జోక్ అనుకున్నా. ఇరవై డాలర్ల కోసం దొంగ వెయ్యి డాలర్ల టాప్ కోస్తాడు, తలుపు తెరిచి ఉంటే వెతుక్కుని పోతాడు. ల్యాప్‌టాప్ లాంటిది పోతే కారు ఇన్సూరెన్స్ ఇవ్వదు, అది రెంటర్స్ ఇన్సూరెన్స్ పని. అద్దె ఇంటికోసం తీసుకునే పాలసీ అన్నమాట.

హైదరాబాద్‌లో థార్ సాఫ్ట్ టాప్ నడిపే మా బావ ఈ కథంతా విని, ‘‘మాకైతే అద్దం ఫుల్‌గా వస్తది కదా’’ అన్నాడు. ఆగు బావా అన్నా. మన దగ్గర గాజు భాగాలకి తరుగుదల కోత ఉండదు, నిజమే. ప్లాస్టిక్‌కి మాత్రం 50 శాతం కోత, జీరో డిప్రిసియేషన్ తీసుకుంటే తప్ప. పైగా తప్పనిసరి కోత 1500 సీసీ దాకా 1,000 రూపాయలు, ఆ పైన 2,000. అసలు దెబ్బ నో క్లెయిమ్ బోనస్‌ది. చిన్న కారు వెనక గాజుకి 6,000 అయిందనుకోండి. క్లెయిమ్ చేస్తే 5,000 వస్తాయి. కానీ 35 శాతం బోనస్ ఉన్నవాడికి వచ్చే ఏడాది 45 రావాల్సింది సున్నా అవుతుంది. ఆ పై ఏడాది 50కి బదులు 20. ఓన్ డ్యామేజ్ ప్రీమియం ఏటా 10,000 అనుకుంటే, రెండేళ్లలో 7,500 పోయినట్టే. బోనస్ కాపాడే యాడ్-ఆన్ ఉందేమో పాలసీలో చూసుకోమన్నా. బావ ఇంకా చూస్తూనే ఉన్నాడు.

కొత్త షీటు వచ్చి నాలుగు నెలలు. తుడిచే ముందు నీళ్లు పోసి దుమ్ము వదలగొడుతున్నా, అమ్మోనియా ఉన్న క్లీనర్ దగ్గరికి రానివ్వడం లేదు. మొన్న మా రూమ్మేట్ బండి అడిగాడు. తాళాలు తీసుకుని, నేను షూ వేసుకునేలోపు వెళ్లి క్లిప్పులు రెండూ తీసేశాడు.

‘‘రేయ్, జిప్!’’ అని నేను అరిచిన అరుపుకి పక్క బ్లాక్ ఆంటీ బాల్కనీలోకి వచ్చి చూసింది.