మూడో అన్నం పొట్లం

మనూరులో ఇల్లు లేనివారు ఎవరని ఎవరైనా అడిగితే వెంటనే ఒక్క పేరూ మనకు గుర్తు రాదు. గోడ బీటలు వారినదైనా, రేకులు కప్పినదైనా ప్రతి కుటుంబానికీ ఏదో ఒక గూడు ఉంటుంది. అయితే పండుగలు దాటిన తరువాత ఎన్నో తలుపులకు తాళాలు పడతాయి. చెరకు నరికే పనికి కొందరు పొరుగు రాష్ట్రాలకు, కట్టడాల పనికి మరికొందరు హైదరాబాదుకు బయలుదేరతారు. నారాయణఖేడ్ ప్రాంతపు పల్లెలకూ తండాలకూ ఈ వలస కొత్త కాదు. ఊళ్లో ఇంటి యజమాని అయిన మనిషే నగరంలో ఫ్లైఓవర్ కిందనో, ఆసుపత్రి ఆవరణలోనో గోనెపట్టా పరచుకుని పడుకుంటాడు. ఊరి లెక్కలో అతడు ఇల్లున్నవాడు, నగరపు లెక్కలో నిరాశ్రయుడు.

2011 జనాభా లెక్కల సందర్భంగా ఫిబ్రవరి 28 రాత్రి దేశమంతటా ఇలాంటివారిని ప్రత్యేకంగా లెక్కించారు. ఆ సంఖ్య 17 లక్షలు దాటింది. అందులో సగానికి పైగా పట్టణాల్లో ఉన్నవారే.

మన ప్రాంతం నుండి డిగ్రీ చదువుకు హైదరాబాదు వెళ్లిన విద్యార్థులు కొందరు జుమా నాటి సాయంత్రాలు చందాలు వేసుకుని అన్నం పొట్లాలు పంచుతుంటారు. ఒక వారం మేమూ వారి వెంట వెళ్లాము. ఒక పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి గోడ పక్కన కూర్చున్న వృద్ధునికి ఒక అబ్బాయి పొట్లం అందించబోయాడు. ఆయన చేయి చాపలేదు.

“బిడ్డా, పొద్దుగూకినంక ఇది మూడోది. అన్నం సాలు. ఈ కాయితం జర సదివి చెప్తవా?”

ఆ మాటతీరు వినగానే అబ్బాయి ఆగిపోయాడు. కన్నడపు యాస కలిసిన ఆ తెలుగు మన మంజీర ఒడ్డుది. “తాతా, మీది ఏ ఊరు?” అని అడిగితే, మనూరుకు కూతవేటు దూరంలోని పల్లె పేరు చెప్పాడు. భార్యను వార్డులో చేర్చి తొమ్మిది రోజులైంది. చేతిలోని కాగితం పరీక్ష కోసం వైద్యులు ఇంగ్లీషులో రాసి ఇచ్చినది. ఏ గదికి వెళ్లాలో తెలియక రెండు రోజులుగా దానిని మడిచి జేబులో పెట్టుకున్నాడు. అబ్బాయి చదివి చెప్పడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ రెండు రోజులూ ఆయన ముందు నుండి ఎంతమంది దాతలు నడిచి వెళ్లి ఉంటారో!

అన్నం పెట్టడాన్ని చిన్నబుచ్చడం మా ఉద్దేశం కాదు. హైదరాబాదులో అజహర్ మఖ్సూసీ 2012లో దబీర్‌పురా ఫ్లైఓవర్ కింద ఆకలిగొన్నవారికి భోజనం పెట్టడం మొదలుపెట్టారు. నాలుగేళ్ల వయసులో తండ్రిని కోల్పోయి, ఆకలి ఎరిగి పెరిగిన మనిషి ఆయన. వృత్తి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పని. తొలిరోజుల్లో ఇంట్లో భార్య వండిన అన్నమే తెచ్చి వడ్డించేవారు. తరువాత సికింద్రాబాద్‌లోని గాంధీ ఆసుపత్రి వద్దకూ ఆ సేవ విస్తరించింది. ఆకలికి మతం లేదంటారాయన. అక్కడ జరిగేది ఒక్కరోజు పంపకం కాదు. అదే చోట, అదే వేళకు, మళ్లీ మళ్లీ రావడం. మన యువకులలో లోపిస్తున్నది సరిగ్గా ఇదే. రమజానులో ఇఫ్తార్ పొట్లాలు ఒకదానిమీద ఒకటి పడతాయి. షవ్వాల్ నెలవంక కనబడగానే ఆ వీధి ఖాళీ అవుతుంది.

మదీనాలో దైవప్రవక్త (సల్లం) మస్జిద్‌లో ఒక పక్కన నీడ వేసిన అరుగు ఉండేది. దానినే సుఫ్ఫా అన్నారు. ఇల్లూ వాకిలీ లేని సహాబీలు అక్కడే ఉండేవారు, అక్కడే విద్య నేర్చేవారు. హజ్రత్ అబూ హురైరా (రజి) వారిలో ఒకరు. ఒకనాడు ఆయన తీవ్రమైన ఆకలితో ఉండగా ప్రవక్త (సల్లం) వద్దకు ఒక పాత్రలో పాలు వచ్చాయి. సుఫ్ఫావారిని పిలుచుకు రమ్మని ప్రవక్త (సల్లం) ఆయననే పంపారు. ఇక తనకేమి మిగులుతుందోనని అబూ హురైరా (రజి) మనసులో దిగులుపడ్డారు. అందరికీ వడ్డించినది ఆయనే. అందరూ తాగిన తరువాత ఆయన, చివరగా ప్రవక్త (సల్లం) తాగారు. ఆ రోజుల్లో విద్యార్థి, నిరాశ్రయుడు, వడ్డించేవాడు ముగ్గురూ ఒక్కరే. మన కాలంలో వారు మూడు వేర్వేరు మనుషులైపోయారు.

విద్యార్థి చేతిలో డబ్బు తక్కువ, చదువు ఉంది. ఇక్కడ పనికివచ్చేది అదే. ప్రతి లక్ష పట్టణ జనాభాకూ 24 గంటలూ తెరచి ఉండే ఒక ఆశ్రయ కేంద్రం ఉండాలని 2010లో సుప్రీంకోర్టు నిర్దేశించింది. 2013లో వచ్చిన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్‌లో ఇందుకు ప్రత్యేక పథకమే పెట్టారు. హైదరాబాదులో జీహెచ్‌ఎంసీ ఆశ్రయ కేంద్రాలు కొన్ని పనిచేస్తున్నాయి. 2014లో నాంపల్లి సరాయి వద్ద మొదలైన 5 రూపాయల భోజనం నగరమంతా విస్తరించింది. ఒకప్పుడు బాటసారుల బస కోసం కట్టిన సరాయి అది. రేషన్ కార్డు ఉన్నవారు సొంత ఊళ్లోనే కాక, వేరే చోట కూడా బియ్యం తీసుకోవచ్చు. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెరిగింది. ఇవన్నీ ఉన్నాయని ఫుట్‌పాత్ మీద నిద్రించే మనిషికి ఎవరు చెప్పాలి? ఆశ్రయ కేంద్రం ఎక్కడుందో అతనికి చూపించి, గడప దాకా తోడు వెళ్లేదెవరు? వృద్ధుల సహాయానికి 14567, పిల్లల కోసం 1098, ప్రాణాపాయ వేళ 108 – ఈ మూడు నంబర్లు తెలిసిన విద్యార్థి ఒక్కడు పది పొట్లాల పెట్టు.

కళాశాలల్లో జాతీయ సేవా పథకం 1969 నుండి ఉంది. అందులో చేరినవారు ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లు సేవ చేయాలి. ఏడు రోజుల శిబిరానికి ఏదో ఒక గ్రామానికి వెళ్లి వీధులు ఊడ్చి, మొక్కలు నాటి వస్తారు. మంచిదే. ఆ గంటల్లో కొన్నింటిని ఆసుపత్రి ఓపీ చీటీల వరుస దగ్గర గడపవచ్చునని అధ్యాపకులకు మనమే సూచించవచ్చు. ఆడపిల్లలను రాత్రివేళ బయటికి పంపడానికి తల్లిదండ్రులు వెనుకాడడం సహజం. పగటిపూట ప్రసూతి వార్డుల బయట కూర్చున్న తల్లులకు, అత్తలకు కాగితాలు చదివిపెట్టే పని వారు నిశ్చింతగా చేయగలరు. నిజానికి ఆ స్త్రీలు మగపిల్లలతో చెప్పుకోలేని మాటలు వారితోనే చెప్పుకుంటారు.

ఒక్క విషయంలో మాత్రం మేము కఠినంగానే మాట్లాడతాము. పొట్లం అందుకుంటున్న మనిషి ముఖాన్ని ఫోనులో బంధించి స్టేటస్‌లో పెట్టడం. చేసిన మేలును చాటి, ఎత్తిచూపి దానాన్ని వ్యర్థం చేసుకోవద్దని దివ్యఖుర్ఆన్ బఖరా సూరాలో హెచ్చరిస్తోంది. ఆ ఫొటో నారాయణఖేడ్ దాకా చేరుతుందని కూడా మన పిల్లలకు తట్టదు. ఊళ్లో పెద్దమనిషిగా బతికినవాడు, అల్లుడి ఇంటివారి ముందు తలెత్తుకుని తిరిగినవాడు, ఆ ఫోనులో చేయి చాచి కనిపిస్తాడు.

మరుసటి జుమాకు ఇద్దరు అబ్బాయిలు అదే గోడ వద్దకు వెళ్లారు. ఈసారి పొట్లాలు సగమే, వెంట రెండు పెన్నులు, తెల్లకాగితాలు. వృద్ధుడు అక్కడ లేడు. భార్యను డిశ్చార్జి చేశారని, సంగారెడ్డి మీదుగా ఊరికి వెళ్లే బస్సు ఎక్కారని పక్కనున్నవారు చెప్పారు. ఆ స్థలంలో జహీరాబాదు వైపు నుండి వచ్చిన ఒక తల్లి కూర్చుని ఉంది. అబ్బాయిల చేతిలో పెన్ను చూసి, కొంగుముడి విప్పి నాలుగు మడతల కాగితం తీసింది. వాళ్లు చెప్పులు విడిచి, ఆమె పక్కనే నేల మీద కూర్చున్నారు.