పాత బండికి దాని గొంతు

కడప జిల్లాలో ఇనుముకు ఆయుష్షు ఎక్కువే ఉండాలి. ఏడాదికి 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే నేల, సముద్రపు ఉప్పుగాలి సోకని చోటు. ఒంటిమిట్ట మీదుగా తిరుపతికి పోయే రోడ్డు మీద 50 ఏళ్ల నాటి అంబాసిడర్ ఎదురైతే దాని డోరు రేకు ఇంకా గట్టిగానే ఉండటంలో వింతేమీ లేదు. అదే బండి కిందికి వంగి చూస్తే సైలెన్సర్ మాత్రం చిల్లులు పడి కనిపిస్తుంది. దాన్ని తినేసింది బయటి వాన కాదు, లోపల పుట్టిన నీళ్లు. లీటరు పెట్రోలు పూర్తిగా కాలితే ఇంచుమించు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. దూరప్రయాణంలో గొట్టం బాగా కాగుతుంది కాబట్టి ఆ ఆవిరి బయటికి పోతుంది. షెడ్డులో నిలబెట్టి వారానికోసారి పది నిమిషాలు స్టార్ట్ చేసే బండిలో అది చల్లటి రేకుకు తగిలి నీరవుతుంది, సైలెన్సర్ డబ్బా అడుగున నిలుస్తుంది. పాత పెట్రోలులో గంధకం ఎక్కువ, అది ఆ నీటిని ఆమ్లంగా మార్చేది. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్-6 పెట్రోలులో గంధకం పది లక్షల భాగాలకు 10 భాగాలకు మించకూడదు, అయినా నీళ్లు నీళ్లే. అంటే అపురూపంగా దాచుకున్న బండికే సైలెన్సర్ త్వరగా పోతుంది. అది అరిగి పోవడానికే పుట్టిన భాగం. పాత బండికి దాని కాలానికి తగిన సైలెన్సర్ ఏది అన్న ప్రశ్నకు జవాబు ఇక్కడి నుంచే వెతకాలి.

సైలెన్సర్ వయసు కారు వయసుకు దగ్గరగానే ఉంటుంది. అమెరికాలోని ఇండియానా రాష్ట్రం కొలంబస్ ఊరికి చెందిన రీవ్స్ సోదరులు 1897లో ఇంజన్ చప్పుడు తగ్గించే డబ్బాకు పేటెంటు తీసుకున్నారు. తుపాకీ సైలెన్సర్‌తో పేరుపొందిన హైరమ్ పెర్సీ మాక్సిమ్ కూడా తర్వాత ఇంజన్లకు సైలెన్సర్లు చేశాడు. కిటుకు ఒకటే. సన్న గొట్టంలోంచి వచ్చే శబ్ద తరంగం ఒక్కసారిగా వెడల్పాటి గదిలో పడితే అందులో కొంత వెనక్కి తిరుగుతుంది, ఆ తిరుగు తరంగం ఎదురొచ్చే తరంగాన్ని చంపుతుంది. గొట్టం కంటే గది వ్యాసం మూడు రెట్లుంటే వైశాల్యం 9 రెట్లు. అలాంటి గది ఒక్కటి గరిష్ఠంగా 13 డెసిబెల్స్ దాకా తగ్గించగలదు. అయితే అన్ని స్వరాలనూ అంతే తగ్గించదు. 300 డిగ్రీల వేడి వాయువులో శబ్దం సెకనుకు 480 మీటర్ల వేగంతో పోతుంది. సెకనుకు 500 కంపనాల శబ్దానికి తరంగం పొడవు 96 సెంటీమీటర్లు. గది పొడవు అందులో నాలుగో వంతు, అంటే 24 సెంటీమీటర్లు ఉంటే ఆ స్వరం బాగా అణుగుతుంది. సగం పొడవుకు, 48 సెంటీమీటర్లకు చేశారా, అదే స్వరం ఏమీ తగ్గకుండా దాటిపోతుంది. పైకి రెండూ ఒకే నల్ల డబ్బా. లోపల అడ్డురేకు ఎక్కడుందన్నదే బండి గొంతును తేలుస్తుంది.

అందుకే నా వాదన: పాత బండికి సరైన సైలెన్సర్ అంటే ఆ కాలంలో తయారైనది కాదు, ఆ కాలపు కొలతలతో తయారైనది. ఆ 50 ఏళ్ల నాటి అంబాసిడర్‌లో 1,489 సీసీ ఇంజన్, నాలుగు సిలిండర్లు. నిమిషానికి 3,000 చుట్లు తిరిగేటప్పుడు సెకనుకు 100 సార్లు పొగ బయటికి కొడుతుంది. రెండో, మూడో సిలిండర్లు ఒకే ద్వారం నుంచి పొగ వదులుతాయి కాబట్టి ఆ దెబ్బల్లో ఒక లయ ఉంటుంది. ఇంటి ముందు ఆగకముందే ఏ బండి వచ్చిందో చెప్పగలిగిన తరం ఒకటుంది. వాళ్ల చెవికి తెలిసింది ఈ లయే. ఏ బండికైనా సరిపోతుందని అమ్మే రెడీమేడ్ డబ్బా తగిలిస్తే పొగ పోతుంది గానీ ఆ గొంతు రాదు.

అసలు పాత స్టాకే వెతకాలి, మిగతావన్నీ నకళ్లే అనేవారున్నారు. ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో 2014 మే నెలలో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. మధ్యలో బండికి ఇంజన్లు మారాయి, వాటితో పాటు పొగగొట్టాలూ మారాయి. కొత్త అట్టపెట్టెలో దొరికినంత మాత్రాన అది మీ బండి సంవత్సరానికి చెందిందని కాదు. ఒంటిమిట్ట కోదండరామాలయం ఇక్కడ నాకు గుర్తొస్తుంది. టెంకాయ చిప్ప చేతబట్టి చందాలెత్తి వావిలికొలను సుబ్బారావు గారు ఆ గుడికి జీర్ణోద్ధరణ చేయించారు. జీర్ణోద్ధరణలో పగిలిన రాయికి బదులు అంతే వయసున్న రాయిని ఎవరూ వెతకరు, అదే ప్రమాణంలో చెక్కిన రాయిని నిలుపుతారు. ఏకశిలా మూలమూర్తుల సంగతి వేరు, మండపపు రాయి సంగతి వేరు. కారులోనూ ఆ తేడా ఉంది. చట్టం కూడా దాన్ని గుర్తించింది: 50 ఏళ్లు దాటిన వాహనాలకు వీఏ నంబరు ఇచ్చేందుకు 2021 జూలైలో కేంద్రం తెచ్చిన నిబంధన బండి అసలు రూపంలో ఉండాలంటూనే, బాడీ, ఛాసిస్, ఇంజన్ మార్పులనే ప్రత్యేకంగా పేర్కొంది.

ఇంకో అభ్యంతరం కుర్రవాళ్లది: పొగ తేలిగ్గా పోయే గొట్టం వేస్తే బండి బాగా లాగుతుంది కదా? అడ్డు తగ్గితే ఏ ఇంజనుకైనా మేలే, కాదనను. కానీ ఆ కార్బురేటర్ సెట్టింగ్ పాత సైలెన్సర్ అడ్డును లెక్కలో పెట్టుకుని చేసింది. గొట్టం మారిస్తే గాలి, పెట్రోలు పాళ్లు తప్పుతాయి. మూడు ద్వారాల ఆ పాత ఇంజన్ హెడ్‌తో దక్కే లాభమూ స్వల్పమే, మిగిలేది రోడ్డంతా మోగే రొద.

లోహం విషయంలో మాత్రం నేను పట్టు పట్టను. మామూలు ఇనుప రేకు బదులు 409 రకం స్టెయిన్‌లెస్ స్టీలు వాడితే తప్పు లేదు. అందులో క్రోమియం 11 శాతం దరిదాపుల్లో ఉంటుంది, వేడికి సాగడంలో అది మామూలు ఇనుముకు దగ్గర. ఇంటి గిన్నెల 304 రకం అలా కాదు. 3 మీటర్ల గొట్టం 300 డిగ్రీలు వేడెక్కితే మామూలు ఇనుము 11 మిల్లీమీటర్లు సాగే చోట అది 15 దాటుతుంది, పాత హ్యాంగర్ రబ్బర్ల మీద ఆ భారం పడుతుంది. రేకు మందం తగ్గించినా ముప్పే, డబ్బా రేకుల డోలులా మోగుతుంది.

కాబట్టి కుళ్లిన సైలెన్సర్‌ను పాత ఇనుప సామాన్ల కొట్టుకు వేసే ముందు గ్రైండర్‌తో నిలువునా కోయించాలి. తుప్పు రాలిపోయినా అడ్డురేకులు అతికిన చోట గీతలు మిగులుతాయి. ఒక్కో గది పొడవు, లోపలి గొట్టం వ్యాసం, దానికున్న రంధ్రాల వరసలు, ఒక్కో రంధ్రం కొలత కాగితం మీద రాసుకుని వెల్డింగ్ షాపుకు ఆ కాగితాన్నీ, కోసిన రెండు ముక్కలనూ కలిపి ఇవ్వాలి.