మోటివేషనల్ స్పీకర్‌ను పిలిచే ముందు



ఏటా పదో తరగతి, ఇంటర్ ఫలితాలు రాగానే సొసైటీకి ఒక సలహా వస్తుంది. "స్కాలర్‌షిప్పులు ఇస్తున్నారు, సంతోషం. పేరున్న మోటివేషనల్ స్పీకర్‌ను కూడా పిలిపిస్తే పిల్లల్లో పట్టుదల పెరుగుతుంది కదా!" అంటారు. సలహా మంచిదే. అయితే ఆ ఒక్క గంటకయ్యే ఖర్చు మీరిచ్చిన సొమ్ములోంచే పోవాలి. అందుకే వక్తలను ఎలా కుదుర్చుకుంటారో, ఎక్కడ జాగ్రత్త పడాలో మీకూ తెలియాలి.

ఇది నిన్నమొన్న పుట్టిన వృత్తి కాదు. అమెరికాలోని బోస్టన్ నగరంలో జేమ్స్ రెడ్‌పాత్ 1868లోనే ఉపన్యాసకుల ఏజెన్సీ పెట్టాడు. ఊరూరా ఉన్న సంఘాలకు వక్తను కుదిర్చి, తేదీ, ఫీజు ఖరారు చేసి, కమీషన్ తీసుకోవడం దాని పని. రచయిత మార్క్ ట్వేన్ కూడా దాని ద్వారా ఉపన్యాసాలిచ్చాడు. 1912లో డేల్ కార్నెగీ న్యూయార్క్‌లో సభలో మాట్లాడే విద్యను తరగతులు పెట్టి నేర్పడం మొదలుపెట్టాడు. మన తెలుగునాట యండమూరి వీరేంద్రనాథ్, బి.వి. పట్టాభిరామ్ వంటివారి పుస్తకాలు, ప్రసంగాలతో 'వ్యక్తిత్వ వికాసం' అనే మాట ఇంటింటికీ తెలిసింది.

వీరందరిలో మన సొసైటీ ముఖ్యంగా గుర్తుంచుకోవలసిన వ్యక్తి ఫిలడెల్ఫియాకు చెందిన రస్సెల్ కాన్వెల్. ఆయన ఒకే ఉపన్యాసాన్ని తన జీవితంలో సుమారు 6,000 సార్లు ఇచ్చాడని చెబుతారు. అవకాశం దూరంలో లేదు, నీ కాళ్ల దగ్గరే ఉందన్నది దాని సారాంశం. ఆ రాబడితో పేద విద్యార్థుల చదువుకు సాయం చేశాడు. అంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. పగలు పనికి పోయే యువకులకు 1884లో రాత్రి పాఠాలు మొదలుపెట్టాడు. అదే తర్వాత టెంపుల్ యూనివర్సిటీ అయింది. అంటే ఆయన మాట విని ఉత్సాహం తెచ్చుకున్న కుర్రవాడు మర్నాడు వెళ్లి కూర్చోవడానికి ఒక తరగతి గది ఉంది.

మనం పోగొట్టుకున్నది సరిగ్గా ఇదే. కొన్నేళ్ల క్రితం మేము పిలిచిన ఒక వక్త గంటన్నర ఆలస్యంగా వచ్చారు. కోటీశ్వరుల కథలు చెప్పి, చప్పట్లు కొట్టించి, చివర్లో తన కోర్సు కరపత్రాలు పంచి వెళ్లిపోయారు. హాలు ఖాళీ అవుతుండగా పదో తరగతి పాసైన ఒక అమ్మాయి మా దగ్గరికి వచ్చి, "పాలిటెక్నిక్‌లో చేరాలంటే ఏయే కాగితాలు కావాలి సార్?" అని అడిగింది. ఆ రోజు అక్కడున్న ఎవరి దగ్గరా జవాబు లేదు.

వక్తను కుదుర్చుకునే దారులు మూడు: నేరుగా అడగడం, ఏజెన్సీ ద్వారా మాట్లాడుకోవడం, తెలిసినవారి సిఫారసు. ఏజెన్సీకి ముట్టేది సాధారణంగా ఫీజులోనే కలిసి ఉంటుంది. దారి ఏదైనా ముందు మనం తేల్చుకోవలసింది వక్త పేరు కాదు, పని. వినేది ఎవరు? విన్నాక వాళ్లు ఏం చేయాలి? ఇది చెప్పగలిగితేనే తగిన మనిషి దొరుకుతాడు.

తర్వాత పరిశీలన. రెండు నిమిషాల వీడియో ముక్కల్లో అందరూ గొప్పగానే కనిపిస్తారు. పూర్తి ప్రసంగం రికార్డింగ్ అడిగి చూడాలి. అంతకుముందు ఆయనను పిలిచిన రెండు సంస్థలకు ఫోన్ చేసి, సమయానికి వచ్చారా, పిల్లల ప్రశ్నలకు జవాబిచ్చారా అని కనుక్కోవాలి. మన సభలో ఉర్దూ మీడియం పిల్లలూ ఉంటారు, తెలుగు మీడియం వాళ్లూ ఉంటారు. సగం ఇంగ్లిష్‌లో సాగే ప్రసంగం ఇద్దరికీ అందదు. కాబట్టి ఏ భాషలో మాట్లాడతారో ముందే అడగాలి.

ఒప్పందం నోటిమాటగా వదలకూడదు. తేదీ, ప్రసంగం నిడివి, ప్రశ్నలకు కేటాయించే సమయం, ఫీజు, అడ్వాన్సు, ప్రయాణం, బస ఖర్చులు, కార్యక్రమం రద్దయితే డబ్బు సంగతి, వీడియో తీసుకునే అనుమతి, అన్నీ కాగితం మీద ఉండాలి. జొహర్ నమాజు విరామం ఎప్పుడో అందులోనే రాయాలి. వేదిక మీద సొంత కోర్సులు, పుస్తకాలు అమ్మరాదన్న షరతు మాత్రం మరువకూడదు.

లెక్కల విషయం. వృత్తిపరమైన ఫీజు ఏడాదికి 50,000 రూపాయలు దాటితే 10 శాతం టీడీఎస్ మినహాయించాలన్న పరిమితి 2025 ఏప్రిల్ 1 నుంచి వచ్చింది. వక్తకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే బిల్లు మీద 18 శాతం అదనం. అంటే ఫీజు లక్ష అనుకున్నది లక్షా పద్దెనిమిది వేలవుతుంది. చెల్లింపు బ్యాంకు ద్వారా జరగాలి, ఆడిటరును ముందే సంప్రదించాలి. జకాత్ హక్కుదారుల సొమ్ము. ఈ ఖర్చు దాని జోలికి పోకూడదు. ఇష్టపడి ఇదే పనికి ఇచ్చిన దాత ఉంటే ఆ విరాళంతోనే జరపాలి.

ఒక్కోసారి పెద్ద వక్త అవసరమే ఉండదు. మన స్కాలర్‌షిప్‌తో చదివి నేడు నర్సుగానో ఇంజినీరుగానో పనిచేస్తున్న పిల్లలు ఇరవై నిమిషాలు మాట్లాడితే, "మా వీధి అక్క చేసింది, నేనూ చేయగలను" అనుకునే అమ్మాయిలు ఎందరో. వారికి దారి ఖర్చులిచ్చి, మర్యాదగా సత్కరిస్తే చాలు.

ఎవరు మాట్లాడినా అదే హాల్లో, అదే రోజు, ఒక సహాయ బల్ల ఉండాలి. ఆదాయ ధ్రువపత్రం ఎక్కడ తీసుకోవాలి, బ్యాంకు ఖాతా ఎలా తెరవాలి, పాలిటెక్నిక్ కౌన్సెలింగ్ ఎలా జరుగుతుంది, పది మార్కులతో ట్రిపుల్ ఐటీ సీటుకు ఎలా దరఖాస్తు చేయాలి, హాస్టల్‌కు ఎవరిని కలవాలి అన్నవి చెప్పగల నలుగురు అక్కడ కూర్చోవాలి. పిల్లల పేర్లు, ఫోన్ నంబర్లు రాసుకుని మూడు నెలల తర్వాత మళ్లీ అడగాలి.

ఇకపై ఎవరైనా "ఒక స్పీకర్‌ను పిలుద్దాం, ఖర్చు మీరు భరించండి" అని మీ గడప తొక్కితే ఒక్క ప్రశ్న అడగండి: "ప్రసంగం అయ్యాక మర్నాడు పిల్లలు ఎక్కడికి వెళ్తారు?" జవాబు సరిగ్గా ఉంటే నిస్సంకోచంగా ఇవ్వండి. లేకపోతే ఆ సొమ్మును ఒక విద్యార్థి ఫీజుకు ఇవ్వండి. ఆ ప్రశ్న మా కమిటీని అడగడానికీ మొహమాటపడకండి.